అత్తమ్మ తలకింది చిన్న బొంత

మగ్గాల పనికి ఊరొదిలి వచ్చి స్థిరపడ్డ డిండోలిలోని మా ఇంట్లో మొన్న ఆదివారం మనవరాలు ఫోనులో చూస్తూ, ఆరు మూలల కాగితం ముక్కల మీదికి గుడ్డ మడిచి, అంచుకు అంచు కలిపి, అరచేయంత బొంత కుట్టడం మొదలుపెట్టింది. ఇది ఇంగ్లీషువాళ్ల పద్ధతని నాకే నేర్పబోతే నవ్వొచ్చింది, ఎందుకంటే దాదాపు నలభై ఏళ్ల కిందట, దాని తండ్రి నా కడుపులో ఉన్నప్పుడు, ఎవరి పద్ధతో తెలియకుండానే నేనూ అదే పని చేశాను.

అప్పట్లో మా ఆయన మగ్గాల కార్ఖానాకు పోతే, నేను ఇంట్లో కూర్చుని చీరలకు వేలాడే దారాలు కత్తిరించేదాన్ని. ఆ చీరల మూటల్లో వచ్చే పాలిస్టర్ పీలికలు కుట్టబోతే జారిపోయేవి. పాత పెళ్లి కార్డులు ముక్కలు చేసి లోపల పెడితే బుద్ధిగా కుదురుకున్నాయి. అన్నీ కలిపాక కార్డు ముక్కలు లాగేసి, వెనక మెత్తటి గుడ్డ వేసి, చేతిరుమాలుకన్నా కాస్త పెద్ద బొంత తయారుచేశాను. ఊళ్లో మా అమ్మ కుట్టేవాటికన్నా బాగుందని కొంచెం గర్వపడ్డాను కూడా.

బాబు పుట్టాక అత్తమ్మ దాన్ని పక్కన పెట్టేసింది. "కొత్త బట్ట పసిగుడ్డుకు ఎట్ల ఏస్తవే? జర పాతబడాలె గద!" అంది. పురిటి బిడ్డకు ఎవరో కట్టి విడిచిన పాత బట్టే వేస్తారని నా వయసు వాళ్లకు చెప్పనక్కర్లేదు. నాకూ తెలుసు, మెరుపు చూసి మురిసిపోయి మరిచాను. రెండు నెలల కష్టం పెట్టెపాలవుతుందని ఏడ్చాను. ఆమె ఆ రోజు నుంచి బొంతను ఉతికి ఆరేయడం, రోజూ తన తలకింద పెట్టుకుని పడుకోవడం మొదలుపెట్టింది. ఇరవై ఒకటో రోజు పిల్లవాణ్ని తొట్టెలలో వేసేటప్పుడు, కొబ్బరినూనె మరకతో మెత్తబడిన ఆ బొంతను తానే తెచ్చి పరిచింది.

నిన్న మనవరాలి బొంత పూర్తయింది. చేతికిస్తే అలవాటు కొద్దీ తలగడ మీద పెట్టబోయాను.

"అరే నానమ్మా, ఖరాబైతది! ఫ్రేమ్ కట్టించి గోడకు పెడ్త."

తప్పు లేదు, అలాంటిది కింద పరవడానికి ఇంట్లో పసిపిల్లలు లేరు. ఈ పిల్లల కుట్టు నా కుట్టుకన్నా నీటు. మేము పాతబడాలని ఎదురుచూసినదాన్ని వీళ్లు పాతబడకుండా అద్దం వెనక దాచుకుంటున్నారు, అంతే. పెట్టెలో దాచిన నా బొంతకూ ఫ్రేము కట్టిస్తానంది, ముందు ఆ మరక పోయేలా ఉతికి ఇమ్మంది. ఇవ్వనన్నాను. అత్తమ్మది ఫొటో కూడా లేదు మా ఇంట్లో, ఆ మరక తప్ప.