బాపు నేర్పని మోకు

మా చిన్నప్పుడు... తెల్లవారకముందే మా బాపు, అంటే మా నాన్న, మోకు భుజాన వేసుకుని తాటివనానికి బయలుదేరేవాడు. మోకు అంటే కల్లు గీసేవాళ్ళు చెట్టెక్కే తాడు. దాన్ని నడుము వెనక నుంచి చెట్టు చుట్టూ తిప్పి వెనక్కి వాలితే... ఆ బిగువు మీదే మనిషి నిలబడతాడు.

మా ఇంట్లో మోకును ఎవరూ దాటకూడదు. పొరపాటున దాటితే బాపు దాన్ని కళ్ళకద్దుకుని, ఆ పూట చెట్టెక్కేవాడు కాదు... కల్లు పోయినా సరే. కొత్త మోకు చేసుకుంటే ముందు నడుమెత్తులోనే చెట్టుకు వేసి, వెనక్కి వాలి చాలాసేపు ఊగి చూసేవాడు.

మేం చూసింది అంతవరకే. నాకూ, తమ్ముడు నరేశ్‌కూ దాన్ని ముట్టుకునే వీలు లేదు. ఒక వానాకాలం మా చిన్నాయన చెట్టు మీది నుంచి పడ్డాడు. నడుము విరిగింది. మళ్ళీ మంచం దిగలేదు. ఆ తర్వాత ఒకరోజు నరేశ్ మోకును పశువుల కొట్టంలో గుంజకు వేసి, బాపులాగే వాలి చూస్తుంటే బాపు కంటపడ్డాడు. బాపు మామీద చెయ్యి చేసుకున్నది అదొక్కసారే.

ఇద్దరం చదువుకున్నాం. జర్మనీ వచ్చాం. నాది ఉంటర్‌ఫ్యోరింగ్‌ అనే ఊళ్ళో వార్తల పని. నరేశ్ ఇల్మెనౌలో ఇంజనీరింగ్ చదివి, అక్కడే ఉద్యోగంలో చేరాడు. తోటి ఉద్యోగులతో అడవికి పోయి పోయి, వేట లైసెన్సు పరీక్ష కూడా పాసయ్యాడు. ఇక్కడ జింకల వేట నేరం కాదు. లైసెన్సు ఉండాలి, ఆ అడవిలో వేట హక్కు కౌలుకు తీసుకున్నవారి అనుమతి ఉండాలి. ఒక పెద్దాయన వాడికి ఆ అనుమతి ఇచ్చాడు.

అంతలో కొవిడ్ వచ్చింది. ఆఫీసులో కుర్ట్స్‌ఆర్బైట్... అంటే సగం పని, తగ్గిన జీతం. ఖాళీగా కూర్చున్నప్పుడు వాడి కంట ట్రీ శాడిల్ పడింది. నడుముకూ తొడలకూ పట్టీలు కట్టుకుని, తాడుతో చెట్టుకు వేలాడుతూ జింక కోసం కాచుకునే సామాను. అమెరికాలో కొందరు వేటగాళ్ళు ఇంట్లోనే కుట్టుకుంటున్నారట. నాకు ఫోన్‌లో చూపించి నవ్వాడు.

"అక్కా, ఇది మన మోకే గదా... సీటొకటి ఎక్కువ."

కింది ఫ్లాటు ఆవిడ మాస్కులు కుట్టిన మిషన్ అడిగి తెచ్చుకున్నాడు. కొండలెక్కేవాళ్ళ పట్టీలు తెప్పించి సీటు కుట్టాడు. తాడు దగ్గర ఆగిపోయాడు. ఆదివారం ముగ్గురం వీడియో కాల్‌లో ఉన్నప్పుడు బాపును అడిగాడు... మోకు ఎంత పొడుగుండాలి, ఎట్లా వేయాలి అని.

బాపు అన్నాడు.

"ఆ తాడు నీ నడుముకు రావద్దనే గదరా నేను ఇన్నేండ్లు ఎక్కింది. ఇప్పుడు సరదాకు కట్టుకుంటవా?"

"సరదాకు కాదు బాపూ."

"మరి తిండికి ఎల్తలేదా?"

బాపు కాల్ పెట్టేశాడు. కుట్టింది వద్దు, షాపులో కొన్నది వాడుకో, లేకపోతే మానెయ్ అని నేను నరేశ్‌కు చెప్పాను.

"జింక కోసం కాదక్కా. ‘ఇట్ల కట్టురా’ అని బాపు ఒక్కసారన్నా నాతోని అనాలె. ఆయనకొచ్చిన పని అదొక్కటే... అదే నాకు చెప్పలే."

అడవి పెద్దాయన కూడా ఒప్పుకోలేదు. పరీక్షించి ముద్ర వేసిన సామానుతోనే చెట్టెక్కాలి, ఇంట్లో కుట్టినదానితో పడితే బీమా రాదు అన్నాడు. నరేశ్ సరేనన్నాడు. అని, తుపాకీ ఇంట్లో పెట్టి, తను కుట్టిందే తీసుకుని ఒక్కడే అడవికి పోయాడు.

జాగ్రత్త లేకుండా పోలేదు. ముందురోజు ఇంటి వెనక పైన్ చెట్టుకు నడుమెత్తులో తాడు వేసి, బాపులాగే చాలాసేపు ఊగి చూశాడు. పట్టింది. వీడియోల్లో తాడును చెట్టుకు బిగించి కడతారు. వాడు బిగించలేదు... బాపు మోకు ఎప్పుడూ వదులుగానే ఉండేది, మనిషి వాలితే అదే పట్టేది. కానీ తాటిచెట్టుకు ఒళ్ళంతా గరుకు. పైన్ బెరడూ గరుకే. అడవిలో వాడు ఎక్కింది బీచ్ అనే ఇక్కడి చెట్టు. నున్నటి బెరడు, పొద్దుటి మంచుకు తడిసి ఉంది.

చెట్టుకు పట్టీలతో కట్టిన మెట్ల మీద ఎక్కి, వెనక్కి వాలాడు. తాడు తెగలేదు. కుట్టు విడలేదు. తాడు జారింది. కింద పడి వాడి మడమ ఎముక పగిలింది.

నేను రైల్లో వెళ్ళాను. కొవిడ్ నిబంధనల వల్ల ఆసుపత్రి లోపలికి రానివ్వలేదు. పార్కింగ్‌లో నిలబడి ఫోన్ చేసి, బాపును కూడా కలిపాను. బాపు అంతా విన్నాడు. ఏం చెట్టని అడిగాడు. చెప్పాడు నరేశ్.

"నేను చెప్పకనే గిట్లయింది" అన్నాడు బాపు. "ఇప్పుడు చెప్త, విను. నున్నటి చెట్టుకు మోకు..."

"వద్దు బాపూ. ఇగ నాకొద్దు."

బాపు, బువ్వ పెట్టిండ్రా అని అడిగాడు. పెట్టారన్నాడు నరేశ్.

పెద్దాయన అనుమతి వెనక్కి తీసుకున్నాడు. నరేశ్ ఇప్పుడు భార్య, కూతురితో లైప్‌జిగ్‌లో ఉంటున్నాడు. మెట్లు దిగేటప్పుడు కాలు చూసి వేస్తాడు. చెట్టుకు వేలాడే ఆ సామాను ఇప్పుడు ఇక్కడికే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు... ఎలా కట్టుకోవాలో చెప్పే వీడియోతో సహా. ఎవరి బాపునూ అడగనక్కర్లేదు.

ఆదివారం కాల్స్ ఆగలేదు. బాపు బీపీ మాత్రలు, ఊళ్ళో వానలు, నరేశ్ కూతురి కీటా, అంటే చిన్నపిల్లల బడి... అన్నీ మాట్లాడుకుంటారు. నేర్పగలిగినవాడూ ఉన్నాడు, నేర్చుకోవాలనుకున్నవాడూ ఉన్నాడు. మోకు మాట మాత్రం ఇద్దరూ ఎత్తరు.

మీ ఇంట్లోనూ పెద్దవాళ్ళు చేతులారా మీకు అందకుండా చేసిన పని ఏదైనా ఉంటే... కింద రాయండి. ఎందుకలా చేశారో మీకు ఏ వయసులో అర్థమైందో, అది కూడా.