నీలాన్ని మింగే దుమ్ము

నంద్యాల కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. నక్షత్రాలు పుట్టే మేఘాల్లోని దుమ్ము వెనకున్న వెలుగును తగ్గిస్తుందని, ఎర్రబరుస్తుందని ఏటా బోర్డు మీద గీసి చూపిస్తాను. ముతక దుమ్మయితే అన్ని రంగులనూ ఒకే తీరుగా అడ్డుకుంటుంది. పొగంత సన్నటి దుమ్ము అలా కాదు. నీలాన్ని ఏరి మరీ మింగుతుంది, చెదరగొడుతుంది. ఎరుపును మాత్రం పోనిస్తుంది. నక్షత్రం తప్పేమీ లేదు, మధ్యలో ఉన్నదాని నిర్వాకం అది.

ఇన్నేళ్లు గడగడా అప్పజెప్పిన ఈ పాఠం డాక్టరు గదిలో నాకే ఎదురొచ్చింది. ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే మా అన్న ఛాతీ ఎక్స్‌రేను డాక్టరు వెలుతురుకు పట్టి, "ముతకది ముక్కులోనే ఆగుతుందమ్మా. కంటికి కనపడని రాతిపొడే ఊపిరితిత్తుల అడుగుకు పోయి కూర్చుంటుంది. ఇక దాన్ని తియ్యలేం. ఈయన మళ్లీ దుమ్ములోకి పోకూడదు" అన్నాడాయన. ఆకాశంలో నేను చూపించే దుమ్ములోనూ చాలావరకు రాయే.

వారం తిరక్కుండా అన్న మళ్లీ తన రాతిపని షెడ్డులో తేలాడు. వార్త తెలిసి బస్సెక్కి పోయాను. పెద్దమ్మ తల్లి రాతి విగ్రహానికి కళ్లు తప్ప అన్నీ అయ్యాయి. ఎర్రటి జేగురు మట్టితో కనుగీతలు గీసి, ఉలి పట్టుకుని కూర్చున్నాడు.

"డాక్టరు మాట చెవికెక్కలేదా అన్నా?"

"కండ్లు ఒగటే మ్మే. ఇంకొకడు పెడితే తల్లి మెల్లకన్నుతో చూస్తాది."

"చూడనీ. నువ్వు పడిపోతే ఆమె వచ్చి మోస్తాదా?"

"నీ నోటికో దండం. సుక్కలు దుమ్ములోనే పుడతాయని నువ్వే గదా చెప్పింది? మళ్లా దుమ్ము మీద కోపమేందీ?"

"ఆడ సుక్కలు పుడతాయి. నీ రొమ్ములో ఏం పుడతాండాది, దగ్గు తప్ప?"

నవ్వాడు. ఆ నవ్వే దగ్గయింది. విగ్రహం భుజం పట్టుకుని వంగిపోయాడు. నేను వీపు నిమిరాను. పక్క షెడ్లో రాయి కోసే మిషన్ తిరుగుతూనే ఉంది. ఆ దుమ్ములోంచి సాయంత్రపు ఎండ మా ఇద్దరి మీదా ఎర్రగా పడింది.

దగ్గు తెరిపివ్వగానే మళ్లీ ఉలి తీశాడు. పక్కనున్న బకెట్లో చెంబు ముంచి విగ్రహం మొహాన నీళ్లు కొట్టాను. తడిస్తే దుమ్ము లేవదు. గీతా నిలవదు.

"గీత పాయ గదే!"

"పోనీ."

జేగురు నీళ్లు తల్లి బుగ్గల మీదుగా కారాయి. అన్న పంచె కొంగుతో రాయి తుడిచి, మళ్లీ గీశాడు. నేను మళ్లీ చెంబు ముంచాను.