జీపు తిన్నగా వెళ్లిన ఆదివారం

ఒక్క వేలితో తిప్పితే ఎంత పెద్ద బండైనా చెప్పినట్టు వినే ఈ కాలంలో, స్టీరింగుతో కుస్తీ పట్టిన రోజుల గురించి చెబితే మా ఆఫీసులో కుర్రకారు నమ్మరు. నేను మెకానికల్ ఇంజనీరింగ్ ముగించి, ఉద్యోగం ఇంకా నన్ను వెతుక్కుంటూ రాక (నేను మాత్రం దాన్ని తెగ వెతుకుతూనే ఉన్నాను), జగ్గయ్యపేటలో ఇంటిపట్టున ఉన్న రోజులవి. మా పక్కిల్లే పెదనాన్నది. ఆయనకో పాత జీపుండేది. మొదట ఎవరు కొన్నారో, ఏ కొండలెక్కించారో తెలియదు గానీ, మా వాడకట్టుకి వచ్చేనాటికే దాని స్టీరింగు సగం చుట్టు ఊరికే తిరిగేది. అంటే మనం ఎడమకి తిప్పడం మొదలుపెడితే, ఆ కబురు కిందున్న టైర్లకి చేరేసరికి సగం చుట్టు తిప్పేసి ఉండాలి. మళ్లీ కుడికి రావాలంటే అదంతా వెనక్కి తిప్పుకుని, ఆపైన ఇంకో సగం చుట్టు. అందుకని తిన్నని రోడ్డు మీద కూడా పెదనాన్న చేతులు ఊయల ఊపుతున్నట్టు అటూ ఇటూ ఆడుతూనే ఉండేవి. మలుపు ఇంకా దూరాన ఉండగానే తిప్పడం మొదలుపెట్టేవాడు, సరిగ్గా మలుపు దగ్గరికి వచ్చేసరికి జీపు తిరిగేది. నేనూ ఆయన దగ్గరే, ఆ జీపు మీదే డ్రైవింగ్ నేర్చుకున్నాను. లోకంలో బండ్లన్నీ ఇలాగే నడుస్తాయని చాలాకాలం అనుకున్నాను కూడా.

అంతా సవ్యంగానే ఉండేది, ముక్త్యాల రోడ్డులో ఒకరోజు సిమెంటు లారీ ఎదురు రాకపోతే. దారి ఇవ్వడానికి పెదనాన్న ఎడమకి తిప్పాడు. టైర్లకి ఆ కబురు కాస్త ఆలస్యంగా అందింది. చివరికి అందాక మరీ ఎక్కువగా అంది, జీపు రోడ్డు దిగి తుప్పల్లో ఆగింది. లారీ డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి పెదనాన్న వంశం గురించి నాలుగు మాటలు చెప్పి పోయాడట. పక్క సీట్లో ఉన్న పెద్దమ్మ మాత్రం ఒక్క మాటా అనలేదు. దిగింది, పమిట దులుపుకుంది, వెనకాల వస్తున్న ఆటో ఆపి ఎక్కి ఇంటికి వచ్చేసింది. ఇక జన్మలో ఆ జీపెక్కనని గుమ్మంలోనే ప్రకటించింది. పెద్దమ్మ తిట్టి ఉంటే పెదనాన్న పట్టించుకునేవాడు కాదు. ఆటో ఎక్కేసరికి ఆయనకి తల తీసేసినట్టయింది. పేటలో ఉన్న మెకానిక్కులందరికీ చూపించాడు. లోపల సామానంతా అరిగిపోయింది, ఈ మోడలు స్టీరింగు బాక్సు ఎక్కడా దొరకదు, బండి వదిలించుకోండి అన్నారంతా. పెదనాన్న కోపంలో పాత ఇనుము కొట్టు అతనికి ఫోను చేసి, సోమవారం పొద్దున వచ్చి జీపుని కోసి పట్టుకుపొమ్మన్నాడు. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదని పెద్దమ్మే మా అమ్మతో చెప్పింది.

నాకు క్లచ్చు తొక్కడం నేర్పిన బండది. పైగా ఊళ్లో ఎవరు కనబడ్డా "ఏమ్మా, మెకానికల్ చదివావంటగా, మా మిక్సీ చూడరాదూ" అని ఎకసెక్కాలాడే రోజులు. వెళ్లి పెదనాన్న ముందు నిలబడ్డాను. స్టీరింగు బాక్సు నేను విప్పి బాగు చేస్తానన్నాను. ఆయన పేపరు పక్కన పెట్టి నన్ను పైకీ కిందకీ చూశాడు. ఆదివారం నందిగామలో మా మేనత్త కూతురి గృహప్రవేశం ఉంది. జీపు ఇక్కణ్నుంచి నందిగామ దాకా తిన్నగా వెళితే ఇనుము అతన్ని వెనక్కి పంపేస్తానని, ఆ రోజు నుంచి జీపు నాదేనని అన్నాడు. వెళ్లకపోతే సోమవారం సోమవారమే. లోపల్నుంచి పెద్దమ్మ గొంతు వినపడింది. తిన్నగా వెళ్లిందో లేదో చెప్పాల్సింది మీరూ కాదు, అమ్మాయీ కాదు, ముందు సీట్లో నేను కూర్చుని చెబుతా అంది. జన్మలో ఎక్కనన్న ఒట్టు అలా తీసి గట్టున పెట్టింది.

నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివినదాన్ని గదా, బాక్సు బయటికి తీయడం ఎంతసేపు అనుకున్నాను. బాక్సు కింద డ్రాప్ ఆర్మ్ అని ఒక ఇనప చెయ్యి ఉంటుంది. టైర్లకి కబురు మోసేది అదే. అది తుప్పు పట్టి, బాక్సుని కరుచుకుని ఉంది. కిరసనాయిలు పోశాను, సుత్తితో కొట్టాను, బతిమాలాను. (మా పాఠాల్లో ఈ ఆర్మ్ బొమ్మ వేస్తే పది మార్కులు. అది ఊడకపోతే ఏం చెయ్యాలో ఎక్కడా రాయలేదు.) చివరికి పేటలో ఒక లారీ షెడ్డులో, బిగుసుకున్నవాటిని ఊడలాగే పుల్లర్ అరువు తెచ్చి బిగిస్తే, తుపాకి పేలినట్టు చప్పుడు చేసి ఊడింది. నేను వెనక్కి పడి కుడితి తొట్టిలో కూర్చున్నాను. మూత విప్పితే లోపల నూనె ఉండాల్సిన చోట నల్లగా గట్టిపడ్డ గ్రీజు. నూనె కారిపోతోందని ఎవరో గ్రీజు కూరితే, తర్వాతి వాళ్లు దాని మీద ఇంకాస్త కూరుకుంటూ పోయారు. చెంచాతో తవ్వాను. (పెద్దమ్మ ఆ చెంచాని మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు.) అంతా కడిగాక అసలు జబ్బు బయటపడింది. ఇరుసు ఆడే బుష్షులు అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చాయి, బేరింగులు గలగలమంటున్నాయి. బాక్సు దొరకదన్నది నిజమే గానీ, ఆ బుష్షులు చేయించుకోవచ్చు కదా. బస్సెక్కి నందిగామ వెళ్లి, లేత్ షాపులో కూర్చుని, కొలత ఇచ్చి ఇత్తడి బుష్షులు తిప్పించుకుని, బేరింగులు కొనుక్కుని వచ్చాను. వస్తూ బస్సులో వాటిని ఒళ్లో పెట్టుకుని మాటిమాటికీ చూసుకున్నాను.

బిగించాను. స్టీరింగు కదల్లేదు. ఇద్దరు పట్టి తిప్పినా కదల్లేదు. అప్పుడు వెలిగింది. పైమూత కింద పల్చటి రేకు బిళ్లలు ఉండాలి, షిమ్ములంటారు. పాతవి తీసేటప్పుడే చిరిగి పేలికలయ్యాయి, అవేవో చెత్తనుకుని నేను ఊడ్చేశాను. అవి తక్కువైతే స్టీరింగు బిగుసుకుపోతుంది, ఎక్కువైతే పాత ఊగులాట మళ్లీ వస్తుంది. అలాంటి పల్చటి రేకు కోసం ఇల్లంతా వెతికితే పెద్దమ్మ పౌడరు డబ్బా ఒక్కటే సరిపోయేలా కనబడింది. అడగడానికి భయపడుతూ నిలబడితే, పెద్దమ్మ తనే పౌడరంతా స్టీలు గిన్నెలోకి వంపి, కత్తెర కూడా ఇచ్చింది. కత్తిరించి, ఒకటి పెట్టి, తీసి, రెండు పెట్టి, మూత బిగించి, నూనె పోసి, పక్కనున్న మరని కొంచెం కొంచెం సర్ది చూస్తూ శనివారమంతా గడిపాను. ఆదివారం పొద్దున అందరూ స్నానాలు చేసి పట్టుబట్టలు కట్టుకుంటుంటే, నేను జాకీ మీదున్న జీపు స్టీరింగుని వేలెడంత తిప్పాను. కింద టైరు కూడా వెంటనే కదిలింది. మళ్లీ తిప్పాను. మళ్లీ కదిలింది. కేక వేశానట, నాకు గుర్తులేదు. అమ్మ మాత్రం చెయ్యి నలిగిందేమోనని పసుపు డబ్బాతో పరుగెత్తుకొచ్చింది. రోడ్డు మీద నడిపి చూసుకునే వ్యవధి లేదు. అయినా ఆ అవసరమేముందిలే అనుకున్నాను, లెక్క ప్రకారం చేసిన పని కదా.

నేను డ్రైవరు సీట్లో, పెద్దమ్మ పక్కన కొత్త పట్టుచీరలో న్యాయమూర్తిలా, వెనక పెదనాన్న. వీధి దాటేవరకు జీపు కాస్త వింతగా ఊగింది. ఇంజను చల్లగా ఉందిలే అని సర్దిచెప్పుకున్నాను (ఇంజనుకీ ఊగడానికీ సంబంధం ఏమిటని ఏ పరీక్షలోనూ అడక్కపోవడం నా అదృష్టం). చిల్లకల్లు రోడ్డెక్కాక అది పాములా మెలికలు తిరగడం మొదలుపెట్టింది. ఎదురొచ్చే సైకిలాయన సైకిలు దిగి, రోడ్డు దిగి, చెట్టు చాటుకి వెళ్లి నిలబడ్డాడు. ఎడమ మలుపు దూరాన కనబడింది. ఎప్పటిలాగే ముందుగానే సగం చుట్టు తిప్పాను. జీపు కూడా చెప్పగానే తిరిగింది, మలుపు ఇంకా రాకుండానే. సోమవారం దాకా ఆగకుండా ఎవరిదో పత్తిచేనులోకి నేరుగా దిగి, మొక్కల మధ్య ఆగింది.

పెదనాన్న ముందు మొక్కలెన్ని విరిగాయో చూశాడు, ఆ తర్వాత నన్ను చూశాడు. నాది ఆడపిల్ల చెయ్యే గానీ డ్రైవరు చెయ్యి కాదని, తను నడిపి చూపిస్తానని ఎక్కాడు. వెనక్కి తీసి రోడ్డెక్కించాడు. ఆయనది నాకన్నా ముదిరిన అలవాటు. చేతులు ఊయల ఊపడం మొదలుపెట్టగానే జీపు రోడ్డుకి ఈ అంచు నుంచి ఆ అంచుకి దూకి, మళ్లీ ఈ అంచుకి దూకి, ఈసారి కుడివైపు చేనులోకి దిగింది. పెదనాన్న ఇంజను ఆపేసి, తువ్వాలుతో మెడ తుడుచుకుని అన్నాడు.

"అయిపోయిందమ్మాయ్. ఇదివరకు కాస్తయినా మన మాట వినేది. ఇప్పుడు పిచ్చెక్కింది దీనికి. రేపు ఇనుము అతన్ని రానీ."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దిగి, ముందుకెళ్లి, పత్తిమొక్కల్లో మోకాళ్ల మీద కూర్చుని కిందకి చూశాను. బాక్సు బిగింపు బాగుంది, మర బాగుంది, నూనె చుక్క కారలేదు. పెదనాన్నని స్టీరింగు కొంచెం కదపమన్నాను. కదిపినంతే టైరు కదిలింది, వెంట్రుకవాసి తేడా లేదు. మరి ఎందుకిలా అని ఆయన చేతుల వంక చూశాను. ఆగి ఉన్న జీపులో కూడా అవి అటూ ఇటూ ఊగుతున్నాయి. నా చేతులు చూసుకున్నాను. అప్పుడు తలకెక్కింది. లేచి నిలబడి, జీవితంలో మొదటిసారి పెదనాన్న మీద గట్టిగా అరిచాను.

"జీపు బాగానే ఉంది పెదనాన్నా. పాడైంది మన చేతులు. ఇన్నాళ్లూ దాని వంకరకి మనం అలవాటుపడ్డాం. ఇప్పుడది తిన్నగా అయింది, మనం కాలేదు."

ఆయన ఒప్పుకోలేదు. ఇరవై ఏళ్లుగా ఎక్కడా ఢీకొట్టని చేతులు పాడైపోవడమేమిటన్నాడు. అంత తిన్నగా ఉంటే తిన్నగా నడిపేవాళ్లని చూపించమన్నాడు. ఎక్కణ్నుంచి చూపించను? మా రెండిళ్లలో స్టీరింగు పట్టిన వాళ్లమంతా ఆ జీపు మీద తయారైన సరుకే. ముహూర్తం దాటిపోతోంది. రోడ్డు మీద ఆటో చప్పుడు వినబడింది, పెద్దమ్మ తలతిప్పి చూసింది. అంతే, ఆటో ఆపుతుంది, నా పని అయిపోయింది అనుకున్నాను. పెద్దమ్మ దిగింది. చుట్టూ తిరిగి డ్రైవరు వైపు వచ్చింది.

"ఏమండీ, మీరు దిగండి. నేను తీస్తా."

పెద్దమ్మకి లైసెన్సుందన్న సంగతి మా ఇళ్లలో అందరికీ తెలుసు, ఎవరికీ గుర్తుండదు. ఎప్పుడో విజయవాడలో చెల్లెలింట్లో ఉండగా డ్రైవింగ్ స్కూల్లో చేరి, పరీక్ష పాసై తెచ్చుకుంది. తిరిగొచ్చి జీపు అడిగితే, ఇది నాకు తప్ప ఎవరికీ లొంగదని పెదనాన్న తాళం ఇవ్వలేదు. ఆ జీపు స్టీరింగు ఆవిడ ఒక్కసారి కూడా పట్టలేదు. అంటే మా ఇంటి రోగం అంటని చేతులు ఆవిడవి రెండే.

పెద్దమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుని, సీటు ముందుకి జరుపుకుని, అద్దం తనవైపు తిప్పుకుంది. రోడ్డెక్కించేలోపు రెండుసార్లు ఇంజను ఆగింది. మూడోసారి ఎక్కింది. ఎక్కాక చేతులు కదపలేదు. ఆ జీపు మా ఊరొచ్చిన తర్వాత మొదటిసారి ఒక గీత మీద నడిచింది. మలుపు దగ్గరికి వెళ్లాక, వెళ్లాకే, తిప్పింది. జీపు తిరిగింది. చిల్లకల్లు దాటి హైవే ఎక్కాం. పక్కనుంచి లారీలు దూసుకుపోతుంటే నేను ఊపిరి బిగబట్టాను గానీ, ఆవిడ గాజులు కూడా చప్పుడు కాలేదు. వెనక్కి తిరిగి చూస్తే పెదనాన్న ఖాళీ గాలిలో చేతులు ఊపుతున్నాడు. నన్ను చూసి వాటిని ఒళ్లో ముడుచుకున్నాడు. కొంతదూరం పోయాక పెద్దమ్మ రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే నాతో అంది.

"తిన్నగానే పోతోందే. బాగా చేశావ్."

నాకు తర్వాత మంచి మార్కులొచ్చాయి, మంచి జీతాలొచ్చాయి, ప్రశంసాపత్రాలు కూడా వచ్చాయి. వాటిలో ఏదీ ఆ రెండు మాటలకి సాటిరాలేదు.

నందిగామలో షామియానా ముందు రెండు కార్ల మధ్య పెద్దమ్మ జీపుని పెట్టి దిగేసరికి బంధువులంతా భోజనాలు వదిలి చూశారు. పెదనాన్న వెనకనుంచి దిగుతూ మొదట మొహం చాటేసుకున్నాడు. ఎవరో "బాబాయ్, ఏంటి పిన్ని నడుపుతోంది?" అనగానే ఒక్కసారిగా తేరుకున్నాడు. మా అమ్మాయి స్టీరింగు బాక్సు సొంతంగా విప్పి కొత్తదానిలా చేసిందని, పేటలో ఏ మెకానిక్కూ చేయలేనిది చేసిందని, అందుకే ఆడవాళ్లు కూడా నడిపేంత సుఖంగా ఉందని వడ్డన పూర్తయ్యేలోపు పందిరంతా చాటాడు. (ఆ ఆఖరి ముక్కకి పెద్దమ్మ ఆయన్ని చూసిన చూపు ఆయన గమనించలేదు.) ఆరోజు నేను రెండు బూరెలు ఎక్కువ తిన్నాను. మర్నాడు ఇనుము అతను వస్తే, పెద్దమ్మ కాఫీ ఇచ్చి, అరిగిన పాత బుష్షులూ బేరింగులూ కాగితంలో చుట్టి చేతిలో పెట్టి, జీపులో పనికిరానివి ఇవేనండి అని సాగనంపింది.

ఇక పందెం ప్రకారం జీపు నాదే కదా. సాయంత్రం దర్జాగా వెళ్లి తాళం అడిగాను. పెదనాన్న పెద్దమ్మ వైపు చూశాడు. తాళం అప్పటికే బీరువా తాళాల గుత్తికి ఎక్కి, ఆవిడ నడుముకి వేలాడుతోంది. "నువ్వు పత్తిచేలోకి దింపావు, ఆయనా దింపాడు, నందిగామ తీసుకెళ్లిందెవరు?" అంది. పదిరోజులు కాకుండానే నాకు పుణెలో ఉద్యోగం వచ్చింది. బస్టాండు దాకా పెద్దమ్మే జీపులో దింపింది. పక్కన పెదనాన్న కూర్చుని, మలుపు వస్తోంది, మలుపు వస్తోందంటూ ఉన్నాడు.

ఇప్పుడు నేను చేసే ఉద్యోగంలో స్టీరింగులు బొమ్మల్లోనే కనబడతాయి, చేతికి నూనె అంటదు. మీటింగుల్లో పైవాళ్లు తప్పు లెక్క చెప్పినా, పోనీలే అని నవ్వి ఊరుకోవడం నేర్చుకున్నాను. అలాంటి రోజు సాయంత్రం ఇంటికి వస్తూంటే, పత్తిచేను మధ్య మోకాళ్లకి మట్టితో నిలబడి, ఇంటి పెద్ద మీద గొంతెత్తి, తన పని మీద తనకున్న నమ్మకమంతా ఒక్క కేకలో పెట్టిన ఆ పిల్ల గుర్తొస్తుంది. బండి కూడా సరిగా నడపడం రాదు దానికి, ఎంత పొగరో! తలుచుకుని నవ్వుకుంటాను. నవ్వాక, ఆ పిల్లని కొన్నాళ్లు నా సీట్లో కూర్చోబెడితే బాగుండునని కూడా అనిపిస్తుంది.