పైకెత్తిన సుద్దముక్క

శంషాబాద్ పక్కన ఒక ఊరి బడిలో, బీఎడ్ చదువుతున్న ఐమన్‌కు అది మొదటి రోజు. ఏడో తరగతి లెక్కలు యాదగిరి సారుతో కలిసి చెప్పాలి. ఆయన వివరిస్తాడు, ఆమె బోర్డు మీద రాస్తుంది.

"నెత్తి మీదికి విమానం వస్తే నేను సుద్దముక్క పైకెత్తుత. అందరం ఆగాలె. అది పోయినంక, ఆగిన మాట కాడికెల్లి మొదలు. గంతే బిడ్డా," అన్నాడు సారు.

మూడుసార్లు సుద్దముక్క లేచింది. మూడుసార్లూ కిటికీలు అదిరాయి.

నాలుగోసారి, "ఈ రెండు భిన్నాల హారాలు" అంటూ సారు చెయ్యెత్తాడు. కిటికీలు అదరలేదు. ఐమన్ బయటికి చూసింది. ఆకాశం ఖాళీ. సారు చూపు గోడ మీద ఎక్కడో నిలిచిపోయింది.

పిల్లలెవరూ ఆశ్చర్యపోలేదు. ఆమెకు భయం వేసింది అందుకే.

"సార్" అనబోతుంటే ముందు బెంచీలోని మరియం ఆమె దుపట్టా పట్టుకుంది.

"జర ఆగుండ్రి మేడం. సారుకు అప్పుడప్పుడు గిట్లయితది. మేం లెక్కపెడ్తం. నిన్న నలభైకే మళ్ల మాట్లాడిండు."

"పెద్దసారుకు చెప్పలేదా?"

"చెప్తే సారును పంపిచ్చేస్తరు."

తరగతి మొత్తం పెదవులు కదుపుతూ లెక్కపెడుతోంది. నలభై దాటింది. ఎనభై దాటింది. ఇద్దరు కలిసి పాఠం ఎలా చెప్పాలో కాలేజీలో నాలుగు రోజులు ఊదరగొట్టారు. ఒకరు ఆగిపోతే రెండోవారు ఏం చేయాలో ఒక్కరూ చెప్పలేదు.

అంతలో నిజంగానే విమానం వచ్చింది, కిటికీలను అదరగొట్టి వెళ్లిపోయింది. సుద్దముక్క దిగలేదు.

మరియం పెదవులు ఆగిపోయాయి.

"మేడం, వంద దాకా ఎన్నడు పోలే."