వసంత ఆంటీ రివాల్వర్

పోయిన శనివారం, ఇక్కడ కెనడాలోని సర్రీలో, మా పక్కింటాయన గడ్డి కోసే మెషీన్‌తో పాటు చెవులకు పెట్టుకునే మఫ్‌లు కూడా ఇచ్చాడు. అవి తగిలించుకోగానే వీధి చప్పుడంతా ఎటో వెళ్ళిపోయి, నా గుండె కొట్టుకోవడం నాకే వినిపించింది. మెషీన్ ఆన్ చేయకుండా అలాగే నిలబడిపోయాను. హామిల్టన్‌లో చదువుకునే రోజుల్లో, తుపాకీ కాల్చే షూటింగ్ రేంజ్‌లో నా చెవులకు అలాంటివి మొదటిసారి తగిలించింది వసంత ఆంటీ.

ఆవిడ మా ఇంటి ఓనరు. మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ప్రతి విమానంలోనూ మన స్టూడెంట్లు దిగుతున్న కాలం అది, అద్దెకు గది దొరకడమే గగనం. ఆవిడ బేస్‌మెంట్‌లో నలుగురం సర్దుకున్నాం. కాటన్ చీర, పైన స్వెట్టరు, మా కోసం చేతిలో ఏదో ఒక పచ్చడి గిన్నె. అలాంటి మనిషి ఒక ఆదివారం రివాల్వర్ పెట్టెను కారులో పెడుతూ "రేంజ్‌కి వెళ్తున్నా, ఎవరైనా వస్తారా?" అని అడిగితే, ఆ పెట్టెనే చూస్తూ కారెక్కాను. అప్పటిదాకా నేను దగ్గరగా చూసిన తుపాకీ బ్యాంకు వాచ్‌మన్ భుజాన ఉన్నదే.

రేంజ్‌లో ఆవిడ వేరే మనిషి. లైసెన్స్ ఉన్నవాళ్ళు పక్కనే నిలబడితే మాలాంటి అతిథులు కాల్చవచ్చు. అయినా మొదటి రోజు నా చేత ఒక్క గుండు కూడా కాల్పించలేదు. గొట్టం టార్గెట్ వైపే ఉండాలి, కాల్చేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు, చేతులు మారిన ప్రతిసారీ గుండ్లు పెట్టే సిలిండర్ తెరిచి ఒక్కో అరనూ కళ్ళతో చూసి వేలితో తడమాలి. ఇదే పాఠం. ఖాళీ చేసి నా చేతికిస్తే బుద్ధిగా అందుకున్నాను. చటుక్కున వెనక్కి తీసేసుకున్నారు.

"చూశావా?"

"మీరిప్పుడే చూశారు కదా ఆంటీ."

"నేను చూస్తే నేను చూసినట్టు. నువ్వు చూడాలి."

పెద్దవాళ్ళు ఇచ్చినదాన్ని వాళ్ళ ముందే పరీక్షించడం నాకు మహా మొరటుగా తోచింది. గుడిలో ప్రసాదం పెడితే వాసన చూసి తింటామా? ఆవిడ మాత్రం వదల్లేదు. నాకు అలవాటయ్యేదాకా ఇస్తూనే ఉన్నారు, లాక్కుంటూనే ఉన్నారు.

మా రూమ్మేట్ కిరణ్‌ది వరంగల్. వాడికి రేంజ్ పిచ్చి పట్టుకుంది. ఒక రాత్రి ఆంటీ వంట చేస్తుంటే మొదలుపెట్టాడు. "నా పేరు మీద లైసెన్స్ తీస్కుంట ఆంటీ. నలుగురం కలిసి ఒకటి కొంటం. మా కార్ లెక్కనే, ఎవరికి కావాలంటే వాళ్ళు తీస్కపోతరు" అన్నాడు. మాకూ అది భేషైన ఆలోచనే అనిపించింది. కారు, రైస్ కుక్కర్, పరుపులు, అన్నీ ఉమ్మడే కదా.

ఆంటీ గరిటె పక్కన పెట్టారు. "ఒకడి పేరు మీద కొని నలుగురు వాడుకోవడం ఇక్కడ నేరం. అది అలా ఉంచండి. పొద్దున మీరంతా కాలేజీకి వెళ్ళాక కింద స్టవ్ వెలుగుతూనే ఉంది. నేను దిగొచ్చి ఆపాను. ఎవరు ఆపాల్సింది?"

నలుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఇంకొకడు ఆపి ఉంటాడని ప్రతివాడూ అనుకున్నాడు. కిరణ్ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మరుసటి ఎండాకాలం ఒక సాయంత్రం, కాల్చడం అయిపోయాక, వెనక బల్ల దగ్గర తాళం వేయమని ఆంటీ రివాల్వర్ నాకిచ్చారు. సిలిండర్ మూసి ఉంది. అలా మూసి ఇవ్వడం ఎన్నడూ లేదు. "ఖాళీయేలే, పెట్టెయ్" అన్నారు. చుట్టూ ఆవిడ స్నేహితులు, అందరూ పెద్దవాళ్ళు. వాళ్ళ ముందు తెరిచి చూస్తే ఆవిడను నమ్మనట్టు అవుతుందేమోనని చెయ్యి ఆగింది. బల్లకు అవతల కిరణ్ ఫ్లాస్కులోంచి టీ పోస్తున్నాడు. గొట్టాన్ని టార్గెట్ల వైపు తిప్పి, సిగ్గుపడుతూనే తెరిచాను.

ఒక అరలో గుండు ఉంది. పేలని గుండు.

"ఆంటీ" అని తెరిచిన సిలిండర్ చూపించాను. ఆవిడ వంగి చూశారు. ముఖం పాలిపోయింది. అన్నేళ్ళు మనుషులకు మత్తిచ్చి క్షేమంగా మేలుకొలిపిన ఆ చేతులు బల్ల అంచును గట్టిగా పట్టుకున్నాయి. కిరణ్‌కు ఇంకా ఏమీ తెలియదు. "చక్కెర ఎంత ఎయ్యాలె ఆంటీ?" అని అడుగుతున్నాడు.

ఆవిడే గుండు తీసి, రేంజ్ ఆఫీసర్ దగ్గరికి నడిచి వెళ్ళి, జరిగింది చెప్పారు. ఇంటికి నేను డ్రైవ్ చేశాను. సగం దారిలో, "ఇక చాలు నాన్నా. దీన్ని పోలీసులకు ఇచ్చేస్తా" అన్నారు.

"ఒక్కసారికే ఎందుకాంటీ? నేను చూశాను కదా, ఏమీ కాలేదు."

"నువ్వు చూశావు. ఇంకెవరైనా అయితే చూసేవాళ్ళు కాదు. అందరికీ నేనంటే గౌరవం."

అన్నట్టే ఇచ్చేశారు.

ఇప్పుడు నేను ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. నా తర్వాత చేరిన మన పిల్లలు, నేనిచ్చిన రక్తం ట్యూబు మీద పేరు చదవకుండానే మెషీన్‌లో పెట్టబోతారు. చదవమంటే నవ్వుతారు. "ఎందుకన్నా? నువ్విచ్చాక ఇంకేంటి?" అంటారు. ప్రేమతోనే అంటారు పాపం. వాళ్ళు పైకి చదివేదాకా ఆ ట్యూబు మీంచి నా చెయ్యి తీయను.