పసుపుపచ్చ మాత్రలూ, అత్తయ్య పసరూ

ఈ ఉదయం నుంచి నేను పామర్రులో మా అత్తయ్య ఇంట బందీగా ఉన్నాను. హాస్టలు మిత్రులు ఈ కార్డును భోజనశాల గోడకు అంటించ ప్రార్థన.

యుద్ధం వల్ల క్వినైను దొరకక, నా చలిజ్వరానికి డాక్టరుగారు కొత్తరకం పసుపుపచ్చ మాత్రలు ఇచ్చారు. జ్వరం తగ్గింది గాని, ఆయన ముందే చెప్పినట్టు ఒళ్లంతా అదే రంగు తిరిగింది. ఒక్కపూట చూసిపోదామని వచ్చిన నన్ను చూడగానే అత్తయ్య "అయ్యో, పచ్చకామెర్లు!" అని గొల్లుమంది. మాత్రల రంగేనని మొత్తుకున్నాను. నూలుకు రంగులు వేసే మామయ్య తడిగుడ్డతో నా చేతిని గట్టిగా రుద్ది, గుడ్డను వెలుతురులో చూశారు.

"పైన పట్టిన రంగైతే గుడ్డకి దిగేదిరా. ఇది లోపల్నించి వచ్చింది."

"మాత్రలూ లోపలికేగా వెళ్లింది మామయ్యా! కామెర్లయితే కళ్లు పచ్చబడాలి. నావి తెల్లగా ఉన్నాయి, చూడండి."

"ఇంకా కళ్లకెక్కలేదన్నమాట! ముందే పట్టుకున్నాం, అదృష్టవంతుడివి నాయనా," అంది అత్తయ్య.

చప్పిడి కూడు, పూటకోసారి నేలవుసిరి పసరు, పసుపు వదిలేదాకా గడప దాటరాదు. మరో మూడు రోజులు వేసుకోవలసిన మాత్రలను ఉప్పుజాడీతో సహా భోషాణంలో పెట్టి తాళం వేసింది.

మాత్రలు వేసుకుంటే రంగు పోదు, నాకు విడుదల లేదు. మానితే రంగు పోతుంది. కీర్తి పసరుకు, చలిజ్వరం నాకు దక్కుతాయి. సాయంత్రం నుంచి కాస్త వణుకుగా ఉంది. పసరు పనిచేస్తోందని అత్తయ్య మురిసిపోతోంది.

తరుణోపాయం తెలిసినవారు వెంటనే రాయండి. కవరులో రెండు మాత్రలూ, చిటికెడు ఉప్పూ పెట్టడం మరవకండి.