నిలబడమన్నది నేనే

2023లో, కరీంనగర్‌లోని విదేశాలకు పనివాళ్లను పంపే ఒక మ్యాన్‌పవర్ ఆఫీసులో నేను ఇంటర్వ్యూలకు దుబాసీగా పనిచేస్తున్నప్పటి సంగతి. మేస్త్రీలను ఎంచుకోవడానికి ఫిజీ దీవుల నుంచి వచ్చిన పెద్దాయన, మల్లన్న అనే మేస్త్రీ ఫైలు మూసి "గుడ్, గుడ్" అని మెల్లగా నవ్వాడు. అప్పుడే నాకు ఏదో తేడాగా తోచింది. ఒక్క ప్రశ్న కూడా అడగకుండా మెచ్చుకుని పనిచ్చిన వాళ్లను నేనెన్నడూ చూడలేదు.

మల్లన్నది మెట్‌పల్లి పక్క ఊరు. పన్నెండేళ్లు దుబాయిలో పనిచేసి వచ్చాడు. వయసు నలభై ఆరు. ఇది తప్పితే మరో దేశం పిలిచేది అనుమానమే. పొద్దున ట్రేడ్ టెస్ట్‌లో, అంటే పని చేసి చూపించే పరీక్షలో, అతను కట్టిన గోడకు వంక పెట్టడానికి లేదు. తీరా ఇంటర్వ్యూలో పెద్దాయన మూడుసార్లు కూర్చోమన్నా చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాడు.

టీ చెప్పి వస్తానని బయటికి వచ్చి, పెద్దాయన వెంట ఫిజీ నుంచి వచ్చిన భారత సంతతి గుమాస్తాను, ఏం తప్పు జరిగిందని హిందీలో అడిగాను.

"మా దగ్గర పెద్దలు కూర్చుని ఉంటే వాళ్లకంటే ఎత్తున నిలబడి మాట్లాడరు. అది అమర్యాద," అన్నాడతను. "కానీ ఆయన మొహం మీద వద్దనరు. గుడ్ అనే పంపిస్తారు."

నిలబడమని నేర్పింది నేనే. గల్ఫ్ ఇంటర్వ్యూలకు వెళ్లే అందరికీ అదే చెప్పేదాన్ని. ఫిజీ గురించి జీతం, వీసా తప్ప ఇంకేమీ కనుక్కోలేదు.

మల్లన్నను వరండాలోకి పిలిచాను. "అన్నా, లోపల కూసోవాలె. నిలబడితే తప్పంట."

"పొద్దుగాల నిలబడుమంటివి, ఇప్పుడు కూసోమంటున్నవు. జర ఒక్క మాట మీదుండు చెల్లె," అన్నాడు. మళ్లీ తనే, "గంత పెద్దమనిషి ముందల కుర్చీల కూసుంటె నాకు పానం పట్టదు. కింద కూసుంటె నడుస్తదా?"

నేను జవాబు చెప్పేలోపే లోపలికి పోయి గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. నేనూ పక్కనే కూర్చుని, తప్పు అతనిది కాదు, నాది అని పెద్దాయనకు ఇంగ్లీషులో చెప్పాను.

ఆయన కుర్చీ వెనక్కి జరిపి, తనూ దిగి మా ఎదురుగా కూర్చున్నాడు. గోడ ఊసెత్తలేదు. "మీ అమ్మ ఉందా?" అని అడిగాడు.

"అవ్వ ఉన్నది సార్. గీ వయసుల కూడ నన్ను తిడ్తది."

అది వినగానే పెద్దాయన భుజాలు కదిలేలా నవ్వాడు. పని మాటకు రావడానికి అరగంట పట్టింది. ఆ తర్వాత ఫైలు తెరిచి సంతకం పెట్టాడు.

నాకు తెలిసిన మర్యాదే లోకమంతటికీ మర్యాద అనుకున్నాను. ఆ ధీమాకు మల్లన్న బతుకుతెరువు పోయేది.

మర్నాడు టిఫిన్ డబ్బాలు సర్దుతూ పిల్లలకు చెప్పాను. "నిన్న ఆఫీసుల అమ్మ తప్పు చేసింది. కొత్తోళ్ల దగ్గరికి పోతే, వాళ్లకేది మర్యాదనో ముందు అడుగుండ్రి."

"మరి సారీ చెప్పినవా?" అంది మా పెద్దది.

"చెప్పిన బిడ్డా. కూసోని చెప్పిన."